పాత లారీ ఏం చెబుతోంది?

అక్కలారా! మీ ఊళ్ళో పాత లారీ ఉందా? మీ ఇంట్లోనే ఉండవచ్చు. మీ ఆయన డ్రైవరు కావచ్చు. మీ తమ్ముడు క్లీనరు కావచ్చు. మీరు పండించిన మిర్చి, ధాన్యం యార్డుకు పోయేది అలాంటి బండి మీదే కదా!

బండి నడిపేది ఎక్కువగా మగవాళ్ళే. అది ఆగిపోతే తాకట్టుకు పోయేది మాత్రం మన మెడలోవి. అందుకే బండి సంగతి మనకూ తెలియాలి.

తెలంగాణలో మధ్య రకం లారీని డీసీఎం అంటారు. ఆ పేరు ఎలా వచ్చింది? 1980 తర్వాత నాలుగు జపాను కంపెనీలు మన దేశపు కంపెనీలతో కలిసి ఇలాంటి బండ్లు చేశాయి. అందులో ఒకటి డీసీఎం టొయోటా. ఇంకొకటి ఆల్విన్ నిస్సాన్. దాని ఫ్యాక్టరీ మన జహీరాబాదులోనే పెట్టారు. డీసీఎం టొయోటా ఇప్పుడు లేదు. పేరు మాత్రం జనం నోట నిలిచిపోయింది. ఏ కంపెనీ బండి అయినా డీసీఎమ్మే!

ఇంజనుకు జ్వరం

పాత బండికి ఎక్కువగా వచ్చే జబ్బు వేడెక్కడం. ఇంజనులో డీజిలు మండుతుంది. వేడి పుడుతుంది. ఆ వేడిని తీసేవి నీళ్ళు. నీళ్ళు ఇంజనులో తిరిగి ముందున్న రేడియేటరులోకి వస్తాయి. అక్కడ గాలి తగిలి చల్లారతాయి. మళ్ళీ ఇంజనులోకి పోతాయి. నీళ్ళను తిప్పేది వాటర్ పంపు. గాలిని లాగేది ఫ్యాను. చాలా పాత బండ్లలో ఈ రెంటినీ తిప్పేది ఒక రబ్బరు బెల్టు.

బెల్టు వదులైతే? పంపు సరిగా తిరగదు. హోసు పైపు చిట్లితే? నీళ్ళు కారిపోతాయి. రేడియేటరు పూడిపోతే? నీళ్ళు కదలవు. ఎలా పూడుతుంది అంటారా? బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగు చూడండి. తెల్లగా పేరుకుంటుంది కదా. రేడియేటరు గొట్టాల్లోనూ అలాగే పేరుకుంటుంది. అందుకే ఉప్పు నీళ్ళు పోయకూడదు. కూలంటు కలిపిన మంచి నీళ్ళు పోయాలి. కూలంటు తుప్పు పట్టనివ్వదు.

వేడి ముల్లు పైకి పోతే బండి పక్కకు ఆపాలి. రేడియేటరు మూత వెంటనే తీయకూడదు. లోపల నీళ్ళు మరుగుతూ ఉంటాయి. మూత తీస్తే ఆవిరి ఎగజిమ్ముతుంది. ముఖం, చేతులు కాలిపోతాయి. అరగంటైనా ఆగాలి. పూర్తిగా చల్లారాక మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి. కాలుతున్న ఇంజనులో చన్నీళ్ళు పోయకూడదు. హెడ్డు పగిలే ప్రమాదం ఉంది.

"ఏమీ కాదులే, ఊరు దగ్గరే" అని అలాగే లాగుతారు కొందరు. అప్పుడేమవుతుంది? హెడ్ గ్యాస్కెట్ కాలిపోతుంది. నీళ్ళు ఇంజను ఆయిల్లో కలుస్తాయి. ఆయిలు చూసే పుల్ల తీసి చూడండి. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉందా? అయితే నీళ్ళు కలిసినట్టే. ఇక బండిని స్టార్టు చేయకూడదు. చేస్తే ఇంజను పాడై బోరుకొస్తుంది. కొన్ని వందల రూపాయల పైపుతో పోయేది వేల రూపాయల పని అవుతుంది. చాలా ఇళ్ళలో అప్పు ఇలాగే మొదలవుతుంది.

పొద్దున్నే చూడాల్సింది ఎంతో లేదు. ఇంజను ఆపి ఉండాలి. బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కాలి. సుమారు అర అంగుళం దిగితే చాలు. ఎక్కువ దిగితే వదులు. పగుళ్ళు ఉంటే మార్చాలి. నీళ్ళు, ఆయిలు చూడాలి. బండి కింద నేల మీద చుక్కలు పడ్డాయేమో చూడాలి. ఇల్లు ఊడ్చేటప్పుడు మన కంటికే ముందు కనిపిస్తాయి.

పొగ రంగు

సైలెన్సరు నుంచి నల్ల పొగ వస్తే డీజిలు సరిగా మండటం లేదు. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు. నాజిలు పాడై ఉండవచ్చు. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు మండుతోంది. రింగులు అరిగి ఉండవచ్చు. తెల్ల పొగ చలి పొద్దున కాసేపు వస్తే భయం లేదు. వేడెక్కాక కూడా వస్తుంటే నీళ్ళు లోపలికి పోతున్నాయేమో చూపించాలి.

డీజిలు పూర్తిగా అయిపోతే ఇంకో తంటా. మళ్ళీ పోసినా బండి స్టార్టు కాదు. పైపులో ఎయిర్ పడుతుంది. పొలంలో మోటారుకు ఎయిర్ పట్టినట్టే. చేతి పంపు కొడుతూ స్క్రూ వదులు చేసి బుడగలు పోయేదాకా గాలి తీయాలి. ఊరికే సెల్ఫు కొడితే బ్యాటరీ దిగిపోతుంది.

బ్రేకులు

వేడెక్కితే డబ్బు పోతుంది. బ్రేకు పోతే ప్రాణం పోతుంది.

చిన్న లారీల్లో చాలావాటికి ఆయిలు బ్రేకు. పెడలు తొక్కితే పైపుల్లో ఆయిలు చక్రాల దాకా నెడుతుంది. ఎక్కడైనా కారితే పెడలు మెత్తగా కిందికి దిగిపోతుంది. రెండు మూడు సార్లు కొడితేగాని పట్టదు. ఇలా ఉంటే బండి బయటికి తీయకూడదు. చక్రం లోపలివైపు తడి ఉందేమో చూడాలి. బ్రేకు ఆయిలు తగ్గితే అదే ఆయిలు పోయాలి. ఇంజను ఆయిలు పోస్తే లోపలి రబ్బరు కప్పులు ఉబ్బి చెడిపోతాయి.

పెద్ద లారీలకు గాలి బ్రేకు. గాలి ముల్లు నిండేదాకా బండి కదిలించకూడదు. గాలి ట్యాంకులో నీళ్ళు చేరతాయి. వాటిని రోజూ వదిలేయాలి.

ఘాటు దిగేటప్పుడు కొందరు డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేస్తారు. ఇంజను కూడా ఆపేస్తారు! ఇది చాలా తప్పు. ఇంజను ఆగితే బ్రేకుకు బలం తగ్గిపోతుంది. బ్రేకు ఒక్కటే పట్టి పట్టి కాగిపోతుంది. కాగితే పట్టదు. శ్రీశైలం ఘాటు అయినా, మారేడుమిల్లి ఘాటు అయినా చిన్న గేరులోనే దిగాలి. మీ ఆయన అటు బయలుదేరితే ఈ మాట గుర్తు చేయండి. విసుక్కున్నా ఫరవాలేదు.

కూలికి పోతూ మనం కూడా లారీ ఎక్కుతాం. సరుకుల బండిలో జనాన్ని ఎక్కించడం చట్టం ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు డబ్బు దగ్గర పేచీ వస్తుంది. మేస్త్రీని ఆటో గాని, బస్సు గాని అడగండి. పదిమంది కలిసి అడిగితే వినక తప్పదు.

రోడ్డు మీద టైరు మారిస్తే జాకీని ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకూడదు. గట్టి చెక్క దిమ్మలు పెట్టాలి. బండి కదలకుండా చక్రానికి రాయి అడ్డం పెడతారు. పని అయ్యాక ఆ రాయి రోడ్డు మీదే వదిలేస్తారు. రాత్రి స్కూటరు మీద వచ్చేవాడికి అది కనబడదు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. మార్చిన చక్రం నట్లు కొంత దూరం పోయాక మళ్ళీ బిగించాలి.

ఎనిమిదేళ్ళు దాటిన సరుకుల బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలి. కాగితం మీద తారీఖు మీరే చదివి క్యాలెండరు మీద గుర్తు పెట్టండి.

చీటీ చదవండి

షెడ్డులో బాగుచేయించినప్పుడు చీటీ అడగండి. తీసేసిన పాత సామాను కూడా అడగండి. నిజంగా మార్చారో లేదో తెలుస్తుంది. కింద ఒక చీటీ ఉంది. ధరలు లెక్క నేర్చుకోవడానికి రాసినవి.

హోసు పైపు 1 – రూ. 350
క్లిప్పులు 2 – రూ. 60
ఫ్యాను బెల్టు 1 – రూ. 450
కూలంటు 3 లీటర్లు – రూ. 750
పని కూలి – రూ. 500
మొత్తం – రూ. 2,310

కూలంటు లీటరు ఎంత పడింది? చీటీ అంతా మీరే కూడండి. మొత్తం సరిపోయిందా? సరిపోకపోతే ఎంత తేడా వచ్చింది? షెడ్డు అతనితో ఏమని చెబుతారు? రెండు వాక్యాలు రాయండి.