కడుపు నిండినా ఎముకలు మెత్తబడ్డాయేం?

కోతికి ఏం పెడతారని అడిగితే మీరు తడుముకోకుండా ‘అరటిపండు’ అంటారు. మరి, రోజూ కడుపునిండా పళ్లు తిన్న ఒక బుల్లి కోతికి ఎముకలు మెత్తబడి వంగిపోతే? కొమ్మ మీదికి గెంతలేక అది బోనులో ఒక మూల ముడుచుకు కూర్చుంటే? పెంపుడు మార్మొసెట్లకు తరచు వచ్చే జబ్బే ఇది. కారణమేమిటో చూద్దాం.

మార్మొసెట్ జన్మస్థలం ఈశాన్య బ్రెజిల్. తోకను మినహాయిస్తే జానెడు పొడవుంటుంది. బరువు సుమారు 300 గ్రాములు. అడవిలో ఇది పురుగులను, పళ్లను తింటుంది. కాని దీని ముఖ్యాహారం మరొకటి ఉంది. అదే చెట్టుబంక! కింది దవడలోని పొడుగాటి ముందుపళ్లతో బెరడుకు గంట్లు పెడుతుంది. ఊరిన బంకను వచ్చి నాకుతుంది. మన తుమ్మబంక మీరు చూసే ఉంటారు. అటువంటిదన్నమాట. బంకను మన జీర్ణరసాలు విడగొట్టలేవు. మార్మొసెట్ పేగుల్లో అంధనాళమనే సంచి వంటి భాగం పెద్దదిగా ఉంటుంది. అందులోని సూక్ష్మజీవులు బంకను పులియబెట్టి ఆహారంగా మారుస్తాయి.

ఇప్పుడు ఎముకల సంగతికి వద్దాం. ఎముక గట్టిపడాలంటే కాల్షియం కావాలి. పురుగుల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. పళ్లలోనూ కాల్షియం తక్కువే. ఆ లోటును అడవిలో బంక తీరుస్తుంది. బోనులో పెట్టే పళ్లెంలో బంక ఉండదు కదా!

కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ ‘డి’ కూడా ఉండాలి. ఇందులో డి2, డి3 అని రెండు రకాలున్నాయి. మనకు రెండూ పనికివస్తాయి. దక్షిణ అమెరికా కోతులకు మాత్రం డి2 సరిగా ఉపయోగపడదని 1960 దశకంలో తెలిసింది. పైగా వాటి శరీరకణాలు విటమిన్ ‘డి’కి అంత తేలికగా స్పందించవు. అందుచేత వాటికి డి3 ఎక్కువ మోతాదులో కావాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకితే చర్మమే డి3ని తయారుచేసుకుంటుంది. అయితే గాజు కిటికీ ఆ కిరణాలను అడ్డుకుంటుంది. కిటికీ పక్కన బోను పెట్టి ‘ఎండ తగులుతోందిలే’ అనుకుంటే పొరపాటే.

మరి ఎలా మేపాలి? డి3 కలిపి మార్మొసెట్లకోసమే తయారుచేసిన ఆహారం, కూరగాయలు, పురుగులు పెట్టాలి. మనలాగే వీటికీ విటమిన్ ‘సి’ ఆహారంలోనే అందాలి. జంతుప్రదర్శనశాలల్లో కర్రకొమ్మకు చిన్న రంధ్రాలు చేసి, నీళ్లలో నానిన తుమ్మజాతి బంకను వాటిలో పోస్తారు. కొమ్మను కొరకడంతో పళ్లకు పని, జంతువుకు పొద్దుపోక రెండూ లభిస్తాయి. డి3 మందును మాత్రం పశువైద్యుడు చెప్పినంతే వాడాలి. అది మితిమీరినా హానికరమే.

తోటపళ్లలో అడవిపళ్లకన్న చక్కెర ఎక్కువ, పీచు తక్కువ. ఈ కారణంగానే ఇంగ్లండులోని పేయింటన్ జంతుప్రదర్శనశాల కోతులకు అరటిపళ్లు పెట్టడం మానివేసింది. 2014లో ఆ వార్త పత్రికల్లో వచ్చింది.

బంక, ఎండ, పురుగులు, తోడుగా కుటుంబం — ఇవన్నీ సమకూర్చడం ఇంట్లో ఎంత కష్టమో ఆలోచించండి. ఎవరైనా ముచ్చటపడి మార్మొసెట్‌ను కొంటామంటే, ‘దానికి ఏం పెడతారు?’ అని ముందుగా అడగండి. ‘అరటిపళ్లు’ అని జవాబొస్తే, పై సంగతులన్నీ వారికి మీరే చెప్పాలి మరి!