ఆ కాగితం మీద వేలిముద్ర వేయకండి

పలాస, టెక్కలి పల్లెల నుంచి ఈ మధ్య నా దగ్గరికొస్తున్న వాళ్లలో చాలామందిది ఒకటే మాట: "కార్డుంది, ఓటు నేదు." మొన్న వచ్చిన దంపతులది మరీ అన్యాయం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు జీడి, కొబ్బరి తోటలు కూలిపోయాక ఏటా కొన్ని నెలలు హైదరాబాద్‌లో కూలి పనికి పోతున్నారు. ఇల్లూ, రేషన్ కార్డూ, ముసలి తల్లీ, చదువుకునే పిల్లాడూ ఇక్కడే. ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారి (బీఎల్వో) వచ్చి అడిగితే ఆ తల్లి "ఆళ్లు ఊళ్లో నేరు బాబూ, అయిద్రాబాద్‌లో ఉన్నారు" అంది. ఆయన "శాశ్వతంగా వెళ్లిపోయారు" అని రాసుకుని ఆమె వేలిముద్ర తీసుకున్నాడు. రెండు ఓట్లూ పోయాయి.

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ స్పష్టంగా ఉంది. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన నివాసం పోదు. గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీదికి పోయిన మత్స్యకారుడికైనా, డయాలసిస్ కోసం విశాఖలో గది తీసుకున్న ఉద్దానం కిడ్నీ రోగికైనా ఇదే వర్తిస్తుంది. ఊరు మారారన్న కారణంతో పేరు తీసే ముందు ఆ మనిషి మాట వినాలని 22వ సెక్షన్ చెబుతోంది. లాల్‌బాబు హుస్సేన్ కేసులో 1995లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. మన ఆఫీసుల్లో వినేదెవరు? 2019 ఎన్నికల ముందు రాష్ట్రంలో పేర్లు తీసేయమంటూ ఫారం-7 దరఖాస్తులు లక్షల్లో పడ్డాయి, తప్పుడు దరఖాస్తులపై పోలీసు కేసులూ నమోదయ్యాయి. అయినా బుద్ధి రాలేదు.

అందుకే మళ్లీ మళ్లీ చెబుతున్నాను: చదివి వినిపించని కాగితం మీద సంతకం వద్దు, వేలిముద్ర వద్దు. "పనికెళ్లారు, తిరిగొస్తారు" అని రాయించండి. రాయనంటే వేలిముద్ర వేయకండి. చేతిలో ఓటరు కార్డుందని ధీమా పడకండి, జాబితాలో పేరుంటేనే ఓటు. పేరు తీసేస్తే ఉత్తర్వు కాపీ అడగండి, 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. మళ్లీ పేరు చేర్చమని ఫారం-6 కూడా వేయండి. నామినేషన్ల ఆఖరి గడువు దాటితే ఆ ఎన్నికకు కొత్త పేరు ఎక్కదు. పోలింగ్ రోజు ఫోన్ చేస్తే నేనేం చేయగలను?

ఆ దంపతుల ఇంట్లోనే రెండో దెబ్బ. తల్లిదండ్రులు లేరని పిల్లాడు బడికి సరిగా పోలేదు. ఏడో తరగతి. మాస్టారు వాతలు తేలేలా కొట్టి, నాన్నమ్మను పిలిచి "మా ఇష్టపూర్వకంగా టీసీ తీసుకుంటున్నాం" అన్న కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బడి నుంచి వెళ్లగొట్టకూడదని 16వ సెక్షన్ అంటోంది. చట్టం తెలుసు కాబట్టే ఆ "ఇష్టపూర్వకంగా" అన్న మాట. ఆ కాగితం ఉన్నంతకాలం వాళ్లు "మేం పంపలేదు, వాళ్లే పోయారు" అంటారు.

ఇప్పటికే వేలిముద్ర పడిపోయిందా? ఆలస్యం చేయకుండా "ఒత్తిడి చేసి వేయించుకున్నారు, మా పిల్లాడు ఇక్కడే చదువుతాడు" అని హెడ్‌మాస్టరుకు రాసిచ్చి, కాపీ మీద తేదీతో రసీదు తీసుకోండి. వాతల ఫొటోలు, ఆసుపత్రి చీటీ దాచండి. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే మూడు నెలల్లో తేల్చాలి. తేల్చిన తీరు నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలుంది. నా దగ్గరికొచ్చేటప్పుడు ఆ రసీదు తెండి. నోటిమాటతో చెప్పొచ్చామంటే కేసు నిలబడదు.