సమూయేలు వర్ణించిన రాజు

ఈ మాసపు పాఠము 1 సమూయేలు 8వ అధ్యాయము. ఇశ్రాయేలీయులు తమకు రాజు కావలెనని అడిగినప్పుడు, ఆ రాజు మీ కుమారులను తీసికొనును, పొలములను తీసికొనును, పంటలో పదియవ భాగము తీసికొనును అని వృద్ధుడైన సమూయేలు వారిని హెచ్చరించెను. ఈ అధ్యాయము అమెరికావారి స్వాతంత్ర్య చరిత్రలో పనిచేసిన సంగతి మనలో అనేకులెరుగరు.

అమెరికాలోని పదమూడు వలసలు ఇంగ్లాండు రాజు క్రింద నుండెను. 1765లో ఇంగ్లాండు పార్లమెంటు వారి దస్తావేజులమీదను పత్రికలమీదను స్టాంపు పన్ను వేసెను. పన్ను ఎంత అన్నది అసలు తగవు కాదు. ఆ సభలో మా ప్రతినిధి ఒక్కడును లేడే, మా సమ్మతి లేక మా సొమ్మెట్లు తీసికొందురు అని వారడిగిరి. 1776 జనవరిలో థామస్ పెయిన్ అనునతడు ‘కామన్ సెన్స్’ అను చిన్న పుస్తకము ప్రకటించి, సమూయేలు హెచ్చరికను ఎత్తిచూపి, రాజరికము దేవునికి ఇష్టమైన ఏర్పాటు కాదని వాదించెను. (ఇతడే తరువాత బైబిలును ఖండించుచు వ్రాసెను. అయినను ఈ అధ్యాయపు బలము నెరిగినవాడు.) ఆ జూలై 4న వెలువడిన ప్రకటనలోను సమ్మతి అను మాటయే మూలము.

ఇది మనకు దూరపు కథ అనుకొనవద్దు. 1773లో బోస్టను రేవులో నీళ్లపాలైన తేయాకు ఈస్టిండియా కంపెనీది. ఆ కంపెనీయే 1766లో నిజాముతో ఒడంబడిక చేసికొని మన ఉత్తర సర్కారులను పొందెను. 1781లో యార్క్‌టౌనులో అమెరికావారికి లోబడిన కారన్‌వాలిస్ దొరయే తరువాత ఇక్కడ గవర్నరు జనరలై, 1793లో బెంగాలులో జమీందారీ శిస్తును శాశ్వతముగా స్థిరపరచెను. 1802 మొదలు ఆ పద్ధతి మన ప్రాంతమునకును వచ్చెను. 1794 జూలై 10న పద్మనాభములో విజయనగరము రాజు కంపెనీ సేనతో పోరి మడిసెను. శౌర్యమునకు లోటు లేదు గాని, ఆ తగవు రాజునకును కంపెనీకిని నడుమ పేష్కషు తగవు. దున్నువాని సమ్మతి ఇరువురును అడుగలేదు.

దున్నువాని మాట మన శ్రీకాకుళము జిల్లాలో 1940లో గట్టిగా వినబడెను. ఆ మార్చిలో పలాసలో రైతు మహాసభ జరిగెను. మందస జమీ రైతులు అడవి కట్టెలు తమ హక్కని బండ్లమీద తోలుకొనిపోయిరి. ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురములో పోలీసులు తుపాకులు కాల్చగా సాసుమాన గున్నమ్మయు మరికొందరును చనిపోయిరి. జమీందారీల రద్దు చట్టము 1948లో వచ్చెను.

ఫిలడెల్ఫియాలోని పేరుపొందిన గంటమీద లేవీయకాండము 25:10 చెక్కబడియున్నది. అయితే దేశమంతట విడుదల చాటుడను సగమే అక్కడ నున్నది. ప్రతివాడును తన స్వాస్థ్యమునకు తిరిగి వెళ్లవలెనను మిగిలిన సగము లేదు. ఆ దేశములో 1865 వరకు బానిసత్వము చట్టమునకు లోబడియే నడిచెను. మన 1948 చట్టమును పట్టా రైతునకే గాని, ఒకరి పొలములో కంబారిగా చాకిరి చేసినవానికి సెంటు భూమి ఈయలేదు.

ఈ నెల గృహకూటములలో ఆ వచనము రెండు సగములును చదువవలెను. కంబారి పని చేసిన పెద్దలుగాని, వారి బిడ్డలుగాని మీ కూటములో నున్నయెడల, గంటమీద లేని సగమును గూర్చి మొదట వారినే మాటలాడనీయుడి.