పెట్రోల్ బండి పోయి కరెంటు బండి వస్తుందా? ఇంట్లోనే వేసుకోగల లెక్క



ఎలక్ట్రిక్ కార్లు పెట్రోల్, డీజిల్ వాహనాల స్థానాన్ని పూర్తిగా తీసుకోగలవా? డిబేట్ పోటీల్లో పిల్లలు తరచూ ఎంచుకునే అంశం ఇది. ఒక జట్టు "పొగ ఉండదు, ఖర్చు తక్కువ" అంటుంది. రెండో జట్టు "ఛార్జింగ్ ఎక్కడ, బ్యాటరీ పోతే ఎలా" అంటుంది. రెండు జట్లూ బాగానే మాట్లాడతాయి. లెక్క మాత్రం ఎవరూ వేయరు. మీలో కొందరికి ఇది డిబేట్ అంశం కాదు, వచ్చే ఏడాది ఏ బండి కొనాలన్న లక్షల రూపాయల నిర్ణయం. అందుకే ఈ నెల పాఠం పిల్లలతో పాటు మీకు కూడా. 6వ తరగతి గణితం వస్తే చాలు.

ముందుగా కొంచెం చరిత్ర

ఎలక్ట్రిక్ కారు కొత్తది కాదు. 1900 ప్రాంతంలో అమెరికా రోడ్ల మీద ఆవిరి, పెట్రోల్, బ్యాటరీ కార్లు మూడూ తిరిగేవి. పెట్రోల్ కారు స్టార్ట్ చేయాలంటే ముందు నిలబడి హ్యాండిల్‌ను చేత్తో తిప్పాలి. బ్యాటరీ కారుకు ఆ బాధ లేదు. 1908లో ఫోర్డ్ కంపెనీ మోడల్ టి కారును తెచ్చి, తర్వాతి ఏళ్లలో ధర బాగా తగ్గించింది. 1912లో కాడిలాక్ కార్లకు ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. పెట్రోల్ ఎక్కడ పడితే అక్కడ దొరకసాగింది. దాంతో బ్యాటరీ కారు వెనకబడింది. అప్పట్లో గెలుపోటములను తేల్చినవి ధర, వెళ్లగలిగే దూరం, నింపుకునే సౌకర్యం. ఇప్పుడూ తేల్చేవి అవే.

మొదటి ప్రశ్న: రోజుకు ఎన్ని కిలోమీటర్లు?

మీ కారు రోజుకు 30 కిలోమీటర్లు తిరుగుతుందని అనుకుందాం. లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే 2 లీటర్లు కావాలి. లీటరు 107 రూపాయల లెక్కన రోజుకు 214 రూపాయలు. ఎలక్ట్రిక్ కారు 1 యూనిట్‌కు 6 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే 5 యూనిట్లు కావాలి. యూనిట్ 9 రూపాయలైతే 45 రూపాయలు. నెలకు 25 రోజులు తిరిగితే తేడా సుమారు 4,200 రూపాయలు, ఏడాదికి 50,000 పైచిలుకు.

ఇప్పుడు ఎలక్ట్రిక్ కారు అదే స్థాయి పెట్రోల్ కారు కంటే 3 లక్షలు ఎక్కువ అనుకుందాం. ఆ 3 లక్షలు తిరిగి రావడానికి దాదాపు 6 ఏళ్లు పడుతుంది. కారు రోజుకు 10 కిలోమీటర్లే తిరిగితే? పొదుపు మూడో వంతుకు పడిపోతుంది. అప్పుడు 18 ఏళ్లు పడుతుంది. బ్యాటరీకి కంపెనీలు ఇచ్చే వారంటీ సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు.

"మేము తక్కువ తిరుగుతాం కాబట్టి మాకు ఎలక్ట్రిక్ సరిపోతుంది" అని చాలామంది అంటారు. డబ్బు లెక్కలో ఇది తలకిందుల మాట. ఎక్కువ తిరిగే బండికే ఎలక్ట్రిక్ గిట్టుబాటు. 2024-25లో మన దేశంలో అమ్ముడైన కొత్త మూడు చక్రాల బండ్లలో సగానికి పైగా ఎలక్ట్రిక్‌వి. కార్లలో మాత్రం నూటికి మూడు కూడా లేవు. ఆటో రోజంతా తిరుగుతుంది, మన కారు ఎక్కువ సేపు పార్కింగ్‌లోనే ఉంటుంది.

రెండో ప్రశ్న: రాత్రి బండి ఎక్కడ ఉంటుంది?

ఇంట్లో సరిగా ఎర్తింగ్ ఉన్న 15 ఆంపియర్ల ప్లగ్ నుంచి గంటకు సుమారు 3 యూనిట్లు ఎక్కుతాయి. అంటే మనం చెప్పుకున్న 30 కిలోమీటర్లకు రెండు గంటల ఛార్జింగ్ చాలు. సొంత ఇల్లు, సొంత పార్కింగ్ ఉన్నవాళ్లకు ఇది ఫోన్ ఛార్జింగ్ పెట్టుకున్నంత సులువు. అపార్ట్‌మెంట్‌లో ఉంటే మీ మీటర్ నుంచి సెల్లార్‌కు వైరు లాగాలి, అసోసియేషన్ ఒప్పుకోవాలి. అద్దె ఇంట్లో యజమాని అనుమతి కావాలి. బండి వీధిలో పెట్టేవాళ్లకు ఇంటి ఛార్జింగ్ దాదాపు లేనట్టే. ఎక్స్‌టెన్షన్ బోర్డుతో ఛార్జింగ్ పెట్టడం ప్రమాదం, దయచేసి ఆ పని చేయకండి. నెలకు 125 యూనిట్లు అదనంగా కాలితే కరెంటు బిల్లులో శ్లాబు మారవచ్చు. మన లెక్కలో యూనిట్‌కు 9 రూపాయలు వేసుకున్నది అందుకే.

దూర ప్రయాణాల సంగతి వేరు. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. కంపెనీ ప్రకటనలో 400 కిలోమీటర్లు అని ఉన్నా, హైవే వేగంతో, ఏసీ వేసుకుని వెళితే అందులో పావు వంతు నుంచి మూడో వంతు వరకు తగ్గడం మామూలే. దారిలో ఒకసారి ఫాస్ట్ ఛార్జింగ్‌కు దాదాపు గంట ఆగడానికి సిద్ధపడాలి. పండగ రోజుల్లో అక్కడ మీ ముందు ఇంకో రెండు కార్లు ఉండొచ్చు.

మూడో ప్రశ్న: ఆ కరెంటు ఎక్కడిది?

పిల్లలు "ఎలక్ట్రిక్ కారుకు కాలుష్యం సున్నా" అని రాస్తారు. ఇది సగం నిజం. మన దేశంలో కరెంటులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుంచే వస్తోంది. లీటరు పెట్రోల్ కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే 30 కిలోమీటర్లకు 4.6 కిలోలు. మన గ్రిడ్‌లో 1 యూనిట్ ఉత్పత్తికి సుమారు 0.7 కిలోలు, అంటే 5 యూనిట్లకు 3.5 కిలోలు. చమురు శుద్ధి, కరెంటు లైన్లలో నష్టం, బ్యాటరీ తయారీ ఈ చిన్న లెక్కలో లేవు. తేడా ఉంది కానీ, మనం ఊహించుకున్నంత లేదు. ఇంటి మీద సోలార్ ఉండి పగలు ఛార్జ్ చేస్తే ఆ తేడా బాగా పెరుగుతుంది.

మరి సగం నిజం ఎక్కడుంది? పొగ వచ్చే చోటులో ఉంది. పెట్రోల్, డీజిల్ పొగ పిల్లలు నిలబడే స్కూల్ గేటు దగ్గరే, వాళ్ల ముక్కుల ఎత్తులో వస్తుంది. ఎలక్ట్రిక్ బండితో ఆ పొగ అక్కడ ఉండదు. టైర్ల ధూళి మాత్రం దేనికైనా తప్పదు.

మరి దేశం మొత్తం మారుతుందా?

అందరూ ఉదాహరణగా చెప్పే దేశం నార్వే. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో నూటికి దాదాపు 89 ఎలక్ట్రిక్‌వే. అయినా అదే ఏడాది రోడ్డు మీద ఉన్న కార్లలో ఎక్కువ డీజిల్‌వే. పాత కార్లు ఇంకా తిరుగుతున్నాయి కదా! 1990ల నుంచి పన్ను రాయితీలు ఇచ్చిన, కరెంటులో అత్యధిక భాగం జలవిద్యుత్తే అయిన చిన్న దేశంలో పరిస్థితి ఇది.

మన దగ్గర ఇంకో విషయం ఉంది. మనం ఏటా వాడే డీజిల్, పెట్రోల్ కంటే రెట్టింపు పైనే. దాన్ని ఎక్కువగా తాగేవి లారీలు, బస్సులు, ట్రాక్టర్లు. కిలో బ్యాటరీలో నిల్వ ఉండే శక్తి 1 యూనిట్‌లో సుమారు ఆరో వంతు. కిలో డీజిల్‌లో అది సుమారు 12 యూనిట్లు. మోటారు ఇంజిన్ కంటే మూడు రెట్లు పొదుపుగా పనిచేసినా, రోజుకు 500 కిలోమీటర్లు సరుకు మోసే లారీకి ఆ బరువు పెద్ద సమస్యే.

తిరుమల ఘాట్ రోడ్డు మీద తిరిగే ఎలక్ట్రిక్ బస్సులను చూడండి. రోజూ అదే దారి, అదే దూరం, డిపోలో ఛార్జింగ్. పైగా కొండ దిగేటప్పుడు మోటారే జనరేటర్‌గా మారి కొంత కరెంటును బ్యాటరీలోకి తిరిగి పంపుతుంది. దారి, దూరం, ఆగే చోటు ముందే తెలిసిన బండ్లు ముందు మారతాయి. ఆటోలు, సిటీ బస్సులు, రోజూ తిరిగే స్కూటర్లు, ఇంట్లో ప్లగ్ ఉన్న కార్లు ఆ వరుసలో ఉన్నాయి. దూరం వెళ్లే లారీలు చివర. పూర్తిగా మారడానికి ఒక తరం పట్టవచ్చు.

ఈ ఆదివారం ఇంట్లో చేయించండి

1. వారం రోజులు బండి మీటర్ రీడింగ్ రాయించండి. రోజుకు సగటు కిలోమీటర్లు ఎన్ని?
2. మీ బండి మైలేజీ, మీ ఊరి పెట్రోల్ ధర, మీ కరెంటు బిల్లులోని యూనిట్ ధర వేసి పై లెక్కను మళ్లీ చేయించండి.
3. పార్కింగ్ దగ్గర సురక్షితమైన ప్లగ్ పెట్టే వీలుందా? పిల్లలనే వెళ్లి చూసి రమ్మనండి. వైరింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్‌నే అడగండి.
4. చివరగా, "మన ఇంటికి ఎలక్ట్రిక్ బండి సరిపోతుందా, లేదా? ఎందుకు?" అని ఐదు వాక్యాలు రాయించండి.

జవాబు "సరిపోదు" అని వచ్చినా ఫర్వాలేదు, అంకెలు ఉంటే చాలు. ఆ కాగితం పిల్లల సైన్స్ నోట్‌బుక్‌లో పెట్టి పంపండి. ఒకే తరగతిలో ఇంటింటికీ జవాబు ఎందుకు మారిందో తరగతిలో కూర్చుని పోల్చి చూస్తాం.