సుంకం కోడు చదవడం నేర్చుకుందాం

పాలసేకరణ కేంద్రంలో రెండు పూటలా పాలు పోసే సభ్యులందరికీ ఒక విషయం తెలిసినదే. పాలకు ధర కట్టేది బిందె చూసి కాదు, వెన్న శాతం చూసి. "ఇవి పాలు" అంటే సరిపోదు. అందులో వెన్న ఎంత, వెన్నేతర ఘనపదార్థాలు ఎంత అన్నది తేలితేనే చీటీ మీద రూపాయి పడుతుంది. సముద్రం దాటి పోయే పాల పదార్థాలకు దిగుమతి సుంకం కట్టే పద్ధతి కూడా చాలావరకు ఇటువంటిదే. ఆ సంగతిని వివరించడానికే ఈ పాఠం.

ఊరి సంఘానికి కస్టమ్స్ సుంకంతో పనేమిటని కొందరు అడగవచ్చు. పని ఉన్నది. మన నెయ్యి బిల్లు మీద 'హెచ్.ఎస్.ఎన్.' అని ఒక నంబరు ఉంటుంది. అది ఈ పట్టికలోనిదే. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి. దేశాలు వాణిజ్య ఒప్పందాలు చేసుకునేటప్పుడు ఏ సరుకుకు సుంకం తగ్గించాలో, దేనికి తగ్గించరాదో ఈ కోడు నంబర్ల వారీగానే రాసుకుంటాయి. పరాయి పాలపొడి మన మార్కెట్టులోకి చౌకగా వస్తుందా రాదా అన్నది ఆ జాబితాలో ఒక వరుస మీద ఆధారపడి ఉంటుంది. ఆ వరుసను చదవగలిగినవాడే దాని గురించి మాట్లాడగలడు.

ఉదాహరణకు మేము ఐరోపా సమాఖ్యను తీసుకున్నాము. దానితో మన పాడి పరిశ్రమకు పాత సంబంధమే ఉన్నది. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైనప్పుడు అప్పటి ఐరోపా ఆర్థిక సమాజం ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా వెన్న తీసిన పాలపొడిని, బటర్ ఆయిల్‌ను మన దేశానికి విరాళంగా ఇచ్చింది. వాటి అమ్మకం మీద వచ్చిన సొమ్ము సహకార డెయిరీల అభివృద్ధికి ఉపయోగపడింది. ఆ రెండు సరుకులే ఈ పాఠంలోనూ మనకు ఎదురవుతాయి.

ఒకే గుమ్మం, ఒకే పట్టిక

ఐరోపా సమాఖ్య ఒక కస్టమ్స్ కూటమి. 1968 జులై 1 నుండి అందులోని దేశాలు తమలో తాము సుంకాలు తీసివేసి, బయటి సరుకుకు ఉమ్మడి సుంకం పెట్టుకున్నాయి. నేడు 27 దేశాలున్నాయి. సరుకు రోటర్‌డామ్ రేవులో దిగినా, హాంబర్గ్‌లో దిగినా దిగుమతి సుంకం ఒక్కటే. ఒకచోట సుంకం చెల్లించి విడిపించుకున్న సరుకును మరో సభ్య దేశానికి తీసుకుపోతే మళ్లీ కస్టమ్స్ సుంకం ఉండదు. బ్రిటన్ 2020లో సమాఖ్య నుండి వైదొలగింది. 2021 జనవరి 1 నుండి దానిది వేరే పట్టిక. లండన్‌కు పంపే సరుకుకూ పారిస్‌కు పంపే సరుకుకూ ఒకే లెక్క అనుకోరాదు.

అంకెలు చదివే విధానం

ప్రపంచ దేశాలు చాలావరకు వాడుతున్న ఉమ్మడి పట్టికను బ్రస్సెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ నిర్వహిస్తున్నది. దీని ఒడంబడిక 1983లో కుదిరి, 1988 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. కోడును రెండేసి అంకెల చొప్పున చదవాలి. నెయ్యిని తీసుకుందాము.

04 : అధ్యాయం. పాల పదార్థాలు, గుడ్లు, తేనె వగైరా.
0405 : శీర్షిక. వెన్న, పాల నుండి తీసిన ఇతర కొవ్వులు.
0405 90 : ఉపశీర్షిక. వెన్న, డెయిరీ స్ప్రెడ్ కానివి.
0405 90 10 : ఐరోపా సమాఖ్య చేసుకున్న విభజన. కొవ్వు 99.3 శాతం లేక అంతకన్నా ఎక్కువ, నీరు 0.5 శాతం మించనిది.

మొదటి ఆరు అంకెలు ఈ పట్టికను వాడే దేశాలన్నిటికీ ఒక్కటే. ఏడు, ఎనిమిది అంకెలు ఐరోపా సమాఖ్య సొంతం. దిగుమతి చేసేటప్పుడు కోటాలు, ప్రత్యేక ఆంక్షలు తెలియడానికి మరి రెండు అంకెలు చేర్చి పది అంకెలు రాస్తారు. పది అంకెల పట్టికను 'టారిక్' అంటారు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. మన దేశపు పట్టికలో కూడా ఎనిమిది అంకెలున్నాయి. అందులో 0405 90 10 అంటే బటర్ ఆయిల్, 0405 90 20 అంటే నెయ్యి. ఐరోపా పట్టికలో 0405 90 20 అనే వరుసే లేదు. అక్కడ నెయ్యికి వేరే పేరు పెట్టలేదు. కొవ్వు, నీరు పై కొలతకు సరిపోతే బటర్ ఆయిల్, నెయ్యి ఒకే వరుసలో కూర్చుంటాయి. కనుక మన బిల్లు మీది ఎనిమిది అంకెలను అలాగే దించి ఐరోపా కాగితాల్లో రాయరాదు. ఆరు అంకెల వరకు తీసుకుని, తరువాతివి వారి పట్టిక చూసి రాయాలి.

పేరు కాదు, పరీక్ష ఫలితం

అధ్యాయం పేరు చూసి కోడు నిర్ణయించరాదన్నది పట్టిక మొదటి సూత్రం. శీర్షికలోని మాటలు, అధ్యాయం మొదట రాసిన గమనికలు చదవాలి. 4వ అధ్యాయం గమనికలు చదివితే మన ప్రయోగశాల రిజిస్టరు చదివినట్లే ఉంటుంది.

వెన్న అనాలంటే పాలకొవ్వు 80 శాతానికి తగ్గరాదు, 95 శాతం మించరాదు. నీరు 16 శాతం, వెన్నేతర ఘనపదార్థాలు 2 శాతం మించరాదు. కొవ్వు 39 శాతం నుండి 80 శాతం లోపు ఉండి రొట్టె మీద పూసుకునేది డెయిరీ స్ప్రెడ్. నెయ్యిలో కొవ్వు 95 శాతం దాటుతుంది గనుక అది పట్టిక లెక్కలో వెన్న కాదు.

ద్రవరూపంలో ఉండి, గాఢం చేయని, చక్కెర కలపని పాలు 0401. పాలపొడి 0402. పెరుగు, మజ్జిగ 0403. పాల విరుగుడు నీరు 0404. పనీరు వంటి మాగబెట్టని చీజు 0406 10. విరుగుడు నీటి నుండి తీసిన పదార్థంలో తేమ పోగా లాక్టోజు 95 శాతం మించితే అది 4వ అధ్యాయం దాటి, చక్కెరలతో పాటు 17వ అధ్యాయంలోకి పోతుంది. ఐస్‌క్రీము కూడా ఇక్కడ ఉండదు, దాని శీర్షిక 2105.

మరొక గమనికను సభ్యులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. పాలలోని సహజమైన కొవ్వు తీసివేసి, దాని స్థానంలో వేరే కొవ్వు చేర్చిన పదార్థానికి 4వ అధ్యాయంలో చోటు లేదు. దానిని 1901 లేక 2106 శీర్షిక కిందికి నెట్టివేస్తారు. అది పాల పదార్థాల వరుసలో నిలబడదన్నమాట.

పదవ వంతు శాతం విలువ

ఒక లెక్క చేసి చూద్దాము. ఐరోపా సమాఖ్య పాలపొడిపై సాధారణ సుంకాన్ని 100 కిలోలకు, అంటే క్వింటాలుకు ఇన్ని యూరోలు అని విధించింది. చక్కెర కలపని పొడికి వరుసలు ఇలా ఉన్నాయి.

కొవ్వు 1.5 శాతం మించనిది, 2.5 కిలోలు మించిన సంచుల్లో (0402 10 19) : 118.80 యూరోలు.
అదే పొడి, 2.5 కిలోలు మించని ప్యాకెట్లలో (0402 10 11) : 125.40 యూరోలు.
కొవ్వు 1.5 శాతం మించి 27 శాతం వరకు, పెద్ద సంచుల్లో (0402 21 18) : 130.40 యూరోలు.

పది టన్నుల వెన్న తీసిన పొడి 25 కిలోల బస్తాల్లో పోయిందనుకుందాము. వంద క్వింటాళ్లకు సుంకం 11,880 యూరోలు. దిగిన తరువాత అక్కడి ప్రయోగశాలలో కొవ్వు 1.6 శాతం తేలితే సుంకం 13,040 యూరోలు అవుతుంది. తేడా 1,160 యూరోలు. సెపరేటరు సరిగా పట్టని ఒక్క రోజు చేసే నష్టం అది. సరుకు రేవులో ఆగితే గోదాము అద్దె అదనం.

సుంకం చెల్లించేది అక్కడి దిగుమతిదారు గదా అనుకోరాదు. తక్కువ పడిన సుంకాన్ని మామూలుగా మూడేళ్ల వరకు వెనక్కి వెళ్లి వసూలు చేసే అధికారం అక్కడి కస్టమ్స్‌కు ఉన్నది. మన ధ్రువపత్రం నమ్మి నష్టపోయిన దిగుమతిదారు ఆ భారాన్ని మన ధరలో కోత పెట్టి రాబట్టుకుంటాడు, లేదా మరుసటి ఏడు మన దగ్గర కొనడు. ఎటు తిరిగినా ఆ కోత చివరకు పాలు పోసిన రైతు చీటీలోకే వస్తుంది.

సరుకు ఒకటే, వాడకం వేరు

కొన్నిచోట్ల కొలతతో పాటు వాడకం కూడా చూస్తారు. కేసీన్ ఇందుకు మంచి ఉదాహరణ. పాల మాంసకృత్తే అయినా అది 4వ అధ్యాయంలో లేదు, 3501లో ఉన్నది. కృత్రిమ నూలు తయారీకి పోయే కేసీన్‌కు (3501 10 10) సుంకం లేదు. ఆహారానికి, పశువుల దాణాకు కాక ఇతర పరిశ్రమలకు పోయేదానికి (3501 10 50) విలువపై 3.2 శాతం. మిగిలినదానికి (3501 10 90) 9 శాతం. లక్ష యూరోల సరుకైతే సున్నా, 3,200, 9,000. తక్కువ రేటు కావాలంటే కొన్నవారు ముందే కస్టమ్స్ అనుమతి తీసుకుని, సరుకును చెప్పిన పనికే వాడినట్లు లెక్క చూపాలి.

కోడు అనుమతి కాదు

కోడు సరిగా రాసి సుంకం కట్టినంత మాత్రాన పాల పదార్థం లోపలికి పోతుందని భావించరాదు. జంతు సంబంధమైన ఆహారం పంపే దేశమూ, తయారుచేసిన కర్మాగారమూ ఐరోపా సమాఖ్య ఆమోదించిన జాబితాలో ఉండాలి. పశువైద్య ధ్రువపత్రం ఉండాలి. మందుల అవశేషాల విషయంలో వారి నియమాలకు సరుకు సరిపోవాలి. జర్మనీకో ఐర్లండుకో చదువుకు పోయే పిల్లల పెట్టెలో తల్లులు నెయ్యి డబ్బా సర్దుతూ ఉంటారు. బయటి దేశాల నుండి ప్రయాణికులు పాల పదార్థాలు వెంట తీసుకుపోవడం అక్కడ నిషేధం. డబ్బా విమానాశ్రయంలోనే పోతుంది. సభ్యులు ఈ విషయం ఇంట్లో ముందే చెప్పడం మంచిది.

సందేహం వస్తే

ఒక సరుకు ఏ వరుసలోకి వస్తుందో తేలనప్పుడు దిగుమతిదారు అక్కడి కస్టమ్స్ నుండి ముందుగానే లిఖితపూర్వకమైన నిర్ణయం తీసుకోవచ్చును. అది మామూలుగా మూడేళ్లు చెల్లుతుంది. 27 దేశాల్లోని కస్టమ్స్ అధికారులూ దానికి కట్టుబడాలి. దరఖాస్తుకు సరుకు కూర్పు, తయారీ విధానం, ప్యాకింగు వివరాలు కావాలి. అవి ఇవ్వగలిగింది మనమే.

పట్టిక మారుతూ ఉంటుంది. ఐరోపా సమాఖ్య ప్రతి ఏటా అక్టోబరు 31 లోగా కొత్త పట్టిక ప్రచురించి, జనవరి 1 నుండి అమలు చేస్తుంది. ఆరు అంకెల ప్రపంచ పట్టికలో 2022లో మార్పులు వచ్చినప్పుడు యోగర్టు 0403 10 నుండి 0403 20కి మారింది. తరువాతి సవరణ 2028 జనవరి 1 నుండి అమలులోకి రానున్నది. పాత కాగితం చూసి కోడు రాయరాదు. పైన మేమిచ్చిన రేట్లనైనా ఆ రోజు పట్టికతో సరిచూసుకోవాలి.

మన సంఘం చేయవలసింది

కోడు రాసే పని సంఘ కార్యదర్శిది కాదు. కాని కోడుకు ఆధారమైన అంకె పుట్టేది ఆయన బల్ల మీదనే. నమూనా సరిగా తీయండి. బ్యుటిరోమీటరు చదివిన అంకెనే రిజిస్టరులో రాయండి, మొహమాటానికి పెంచవద్దు, కోపానికి తగ్గించవద్దు. వైద్యం జరుగుతున్న పశువు పాలను వైద్యుడు చెప్పిన గడువు ముగిసేవరకు విడిగా ఉంచమని సభ్యులకు చెప్పండి.

సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన దేశపు పట్టికలో నెయ్యికి, ఐరోపా పట్టికలో నెయ్యికి ఎనిమిది అంకెలు ఎందుకు కలవవు?
2. కొవ్వు 70 శాతం ఉండి రొట్టె మీద పూసుకునే పాల పదార్థాన్ని పట్టిక ప్రకారం వెన్న అనవచ్చునా?
3. కొవ్వు 26 శాతం గల, చక్కెర కలపని పాలపొడి 5 టన్నులు 25 కిలోల బస్తాల్లో పోతే పై రేటు ప్రకారం సుంకమెంత?

మూడవదానికి జవాబు 6,520 యూరోలు రావాలి. రాకపోతే పాఠం మరొకసారి చదివి, క్వింటాళ్ల లెక్క సరిచూసుకోవలసిందిగా కోరుతున్నాము.