పంచాయతీ ట్రాక్టరు ఊపిరి: గాలి వడపోతను, బ్రీదరును మార్చుటలో మెలకువలు

సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేటలో ఒక పురాతనమైన మెట్లబావి యున్నది. అది ఎన్నో ఏండ్లు చెత్తతోను, మట్టితోను పూడి, బావియని ఆనవాలు పట్టుటకు వీలులేని స్థితిలో నుండెను. పూడిక నంతయు తీసి, మెట్లను బాగుచేసి, 2022 డిసెంబరులో దానిని ప్రజలకొరకు తెరచిరి. నీటి వనరుల పునరుద్ధరణను గురించి వ్రాయనెంచి మేము ఆ బావిని చూచుటకు వెళ్ళితిమి. కాని ఈ వ్యాసము బావిని గురించినది కాదు; బావిని చూచి రాణీగంజ్ వైపు నడచుచుండగా ఒక సందులో మాకు కనబడిన ట్రాక్టరును గురించినది.

రాణీగంజ్ పంపుసెట్లకు, డీజిల్ ఇంజన్లకు, వాని విడిభాగములకు పేరుపొందిన బజారు. ఊళ్ళలో దొరకని సామాను కొరకు పల్లెలవారు అచ్చటికి వచ్చుట పరిపాటి. ఆ దాపున ఒక చిన్న వర్క్‌షాపు ముంగిట ఆ ట్రాక్టరు నిలిచియుండెను. బానెట్టు తీసివేసి, ఇంజను విప్పి, పిస్టన్లను గోనెపట్టాపై వరుసగా పేర్చియుంచిరి. మడ్గార్డుపై ఒక గ్రామ పంచాయతీ పేరు తెల్లరంగుతో వ్రాసియున్నది. ఆ ఊరి పేరు ఇచట చెప్పుట అనవసరము. అది ఏ ఊరైనను కావచ్చును. దానిని తెచ్చిన వార్డు సభ్యుడు స్టూలుపై దిగులుగా కూర్చుండి, “ఉస్తాద్, ఇది పొలం దున్నింది లేదు, చెత్త మోసుడే గదా!” అని మాటిమాటికి అనుచుండెను. మెకానిక్కు పాత పిస్టన్ రింగు నొకదానిని తీసి, కొత్త రింగు ప్రక్కన పెట్టి మాకు చూపెను. పాతది బాగుగా అరిగి, అంచు కత్తివలె పదునెక్కియున్నది. “దుమ్ము తిన్నది సార్ దీన్ని. ఆయిలు తప్పు లేదు, డీజిలు తప్పు లేదు” అని అతడు చెప్పెను.

ఈ మాట ఒక్క ఊరికి సంబంధించినది కాదు. తెలంగాణలో 2019-20 ప్రాంతమున పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద 12,700కు పైబడిన గ్రామ పంచాయతీలలో దాదాపు అన్నింటికిని ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ళ ట్యాంకరు సమకూడినవి. పెక్కు పంచాయతీలు వానిని బ్యాంకు అప్పుతో కొని, తమ నిధులనుండియే వాయిదాలు చెల్లించినవి. చెత్త ఎత్తుటకును, మొక్కలకు నీరు పోయుటకును ఊరికి ఉన్న బండి అదియొక్కటే. అది మూలబడిన రోజున వీధులలో చెత్త నిలుచును, నాటిన మొక్కలు ఎండును. పాలకవర్గములు మారుచుండును గాని ట్రాక్టరు మాత్రము అదే. కనుక దాని ఊపిరిని గురించి డ్రైవరుతో పాటు సభ్యులకును కొంత తెలిసియుండుట మంచిది.

ఇంజను డీజిలు త్రాగునని అందరికిని తెలియును. అది త్రాగు గాలి లెక్క మాత్రము చాలమందికి తెలియదు. ఒక లీటరు డీజిలు సరిగా మండుటకు తక్కువలో తక్కువ పదివేల లీటర్ల గాలి కావలెను. వాస్తవముగా డీజిల్ ఇంజను అంతకంటెను ఎక్కువయే పీల్చును. మూడు సిలిండర్లు, రెండున్నర లీటర్ల పరిమాణము గల ట్రాక్టరు ఇంజను నిమిషమునకు రెండువేల చుట్లు తిరుగునప్పుడు సుమారు రెండువేల లీటర్ల గాలిని ఒక్క నిమిషములో లోపలికి లాగును. ఆ గాలిలో దుమ్ము ఎంత స్వల్పముగా నున్నను, దినమంతయు నడచిన పిమ్మట అది చారెడు కావచ్చును. మన నేలల దుమ్ములో ఇసుకరాతి నలుసు అధికము. అది ఇంజను లోహముకంటెను గట్టిది. కంటికి కనబడు ఇసుక రేణువుకంటె, వెంట్రుక మందములో పదవవంతు కూడ లేని సన్నని నలుసే హెచ్చు ప్రమాదకారి. పిస్టన్ రింగునకును లైనరునకును నడుమ నుండు పలుచని నూనె పొరలో అది దూరి, ఆకురాయివలె రెండింటిని అరగదీయును.

చెత్త మోయుటయే గదా యను వార్డు సభ్యుని మాటలోని పొరపాటు ఇచటనే యున్నది. దున్నెడు ట్రాక్టరు ఏడాదిలో కొన్ని వారములు మాత్రమే దుమ్ములో నుండును. పంచాయతీ ట్రాక్టరు ప్రతిదినము డంపింగు యార్డునకు పోవును. అచ్చట బూడిద, ఎండిన మన్ను, ప్లాస్టిక్ పీచు, ఊక కలిసియుండును. బండి మెల్లగా వెనుకకు పోవుచు, తాను రేపిన దుమ్మును తానే పీల్చును.

ట్రాక్టర్లలో గాలి వడపోతలు ముఖ్యముగా రెండు రకములు. మొదటిది నూనె తొట్టి గలది. గాలి నడిమి గొట్టముగుండ క్రిందికి దిగి, తొట్టిలోని నూనెను తాకి, వెంటనే పైకి మరలును. బరువైన దుమ్ము ఆ మలుపు తిరుగజాలక నూనెలో పడిపోవును. మిగిలినది పైనున్న నూనె తడిసిన తీగజాలికి అంటుకొనును. తొట్టిలో గుర్తు గీత యుండును. నూనె గీతకు తక్కువైన దుమ్ము తప్పించుకొనును. ఎక్కువైన నూనెయే ఇంజనులోనికి పోవును. ఇది చిన్న విషయము కాదు. లోపలికి పోయిన నూనె డీజిలువలె మండి, ఇంజను పట్టపగ్గములు లేక పరుగెత్తును. డీజిలు కట్టివేసినను ఆగదు. అందుచేతనే మధ్యప్రదేశ్‌లోని బుద్నీయందున్న కేంద్ర ప్రభుత్వ సంస్థలో ట్రాక్టర్లను పరీక్షించునపుడు, బండిని ఏటవాలుగా నిలిపి, వడపోతలోని నూనె లోపలికి లాగబడునా యని ప్రత్యేకముగ చూచెదరు. రెండవ రకము కాగితపు ఎలిమెంటు గలది. వెలుపల ఒక పెద్ద ఎలిమెంటు, దాని లోపల రక్షణకై మరియొక చిన్నది యుండును. సన్నని దుమ్మును పట్టుటలో ఇది నూనె తొట్టికంటె మేలైనది. కాని తడి, నూనె దీనికి గిట్టవు.

మేము చూచిన ట్రాక్టరునకు కాగితపు ఎలిమెంటే యుండెను. దానికి మూడు మార్పులు జరిగినవి. మూడును సదుద్దేశముతో చేసినవే. నిండు ట్రాలీతో ఎత్తు ఎక్కునపుడు నల్లని పొగ వచ్చుచున్నదని, గాలి చాలుటలేదని యెంచి, లోపలి చిన్న ఎలిమెంటును తీసివేసిరి. వడపోతనుండి ఇంజనునకు పోవు రబ్బరు గొట్టము చీలగా, దాని స్థానమున తోటకు నీరు పెట్టు పైపు ముక్కను తొడిగి, బిగించు క్లిప్పునకు బదులు తీగతో కట్టిరి. బ్రీదరు గొట్టమునుండి నూనె చుక్కలు పడి బండి మురికియగుచున్నదని, దాని కొనలో గుడ్డ కుక్కిరి.

నల్లపొగ వచ్చుట గాలి చాలకపోవుటకు గుర్తే. కాని మందు వేరు. వెలుపలి ఎలిమెంటు దుమ్ముతో నిండియున్నదేమో చూడవలెను, నిండినచో మార్చవలెను. అంతేకాని కావలివానిని పంపివేసినంత మాత్రమున తలుపు వెడల్పగునా? రెండవ ప్రపంచయుద్ధకాలమున ఉత్తరాఫ్రికా ఎడారిలో ఇట్టి చిక్కే వచ్చినది. బ్రిటిషువారు స్పిట్‌ఫైర్ విమానములకు వోక్స్ అను పెద్ద వడపోతను అమర్చిరి. ఇసుకనుండి ఇంజను కాపాడబడినది గాని విమానపు వేగము తగ్గినది. అంతట ఈజిప్టులోని అబూకిర్‌లో నున్న మరమ్మతు కేంద్రమువారు అంతకంటె చిన్నదియు, గాలికి తక్కువ అడ్డు కలిగించునదియు నగు వేరొక వడపోతను తయారుచేసిరి. శత్రువు తరుముచున్న వేళను కూడ వారు వడపోతను మార్చిరే గాని తీసివేయలేదు.

ఇక తోట పైపు సంగతి. వడపోతకును ఇంజనునకును నడుమ నుండు గొట్టములోని గాలి ఎల్లప్పుడు లోపలికి లాగబడుచుండును. అచట గుండుసూది పట్టునంత సందున్నను వడగట్టని గాలి నేరుగా సిలిండరులోనికి పోవును. ఎంత ఖరీదైన ఎలిమెంటు వేసినను అప్పుడు ఫలము లేదు. పలుచని పైపు వేడికి మెత్తబడి, లాగుడునకు నొక్కుకొనును కూడ. మా అభిప్రాయములో ఆ ఇంజనును చంపినది ముఖ్యముగ ఈ పైపే. మెకానిక్కు దానిని చీల్చి చూపినపుడు లోపలి గోడపై ఎర్రని దుమ్ము పసుపు పూసినట్లు అంటియుండెను.

బ్రీదరు పని చాలమందికి తెలియదు. సిలిండరులో డీజిలు మండినపుడు కొంత పొగ రింగుల సందులనుండి జారి క్రిందనున్న నూనె గదిలోనికి దిగును. కొత్త ఇంజనులోను ఇది కొద్దిగా నుండును. రింగులు అరిగినకొలది హెచ్చును. ఆ పొగ వెలుపలికి పోవు మార్గమే బ్రీదరు. దానిని మూసినచో లోపల ఒత్తిడి పెరిగి, సీళ్ళగుండ నూనె వెలికి చిమ్మును. వెనుక సీలునుండి కారిన నూనె క్లచ్చిని తడుపుటయు కలదు. బ్రీదరునుండి నూనె చుక్కలు హెచ్చుగా పడుట రింగుల అరుగుదలను తెలుపు హెచ్చరిక. ఆ ఊరివారు హెచ్చరికనే కట్టివేసిరి. మరియొక సంగతి. పంచాయతీ ట్రాక్టరు కొద్ది దూరము పోయి ఆగుచు, మరల పోయి ఆగుచు నుండును గాన, ఇంజను పూర్తిగ వేడెక్కదు. లోపలి ఆవిరి నీరై నూనెతో కలిసి, మజ్జిగ తేటవంటి తెల్లని జిడ్డుగా బ్రీదరు జాలిలో పేరుకొనును. డ్రైవరు ఏ గుడ్డయు కుక్కకుండగనే అది దానంతటదే మూసికొనిపోవచ్చును. నూనె మార్చినప్పుడెల్ల జాలిని డీజిలుతో కడిగి ఆరబెట్టి తొడుగుట మేలు.

కొందరు మెకానిక్కులు బ్రీదరు గొట్టమును గాలి వడపోతలోనికి కలుపుదురు. కాగితపు ఎలిమెంటునకు ముందు కలిపినచో నూనె ఆవిరితో కాగితము తడిసి, రెండు వారములలో తారుపట్టావలె అగును. ఎలిమెంటు తరువాత కలిపినచో, అరిగిన ఇంజనులో నూనె లోపలికి లాగబడి, పైన చెప్పిన పరుగు సంభవింపవచ్చును. కంపెనీవారే అట్లు అమర్చి, నూనెను వేరుచేయు డబ్బా పెట్టిన ఇంజన్లు వేరు. వాని జోలికి పోరాదు. ఇంజను పట్టుతప్పి పరుగెత్తినప్పుడు గాలి మార్గమును గట్టి చెక్కపలకతో మూయవలెను. చేయి అడ్డుపెట్టరాదు, గుడ్డయైనచో లోపలికి లాగుకొనిపోవును. అరచేతి వెడల్పు పలక నొకదానిని సీటు క్రింద ఉంచుకొనుటకు ఖర్చేమియు లేదు.

ఆ మెకానిక్కు చేసిన మార్పులు మాకు నచ్చినవి. లైనర్లు, పిస్టన్లు, రింగులు కొత్తవి వేసిన పిమ్మట, గాలి లోపలికి పోవు గొట్టమును బానెట్టుకంటె ఎత్తునకు లేపి, పైన మొదటి దుమ్మును విసరివేయు గిన్నె నమర్చెను. ఎత్తు పెరిగినకొలది దుమ్ము పలుచనగును. అయితే గొట్టము పొగగొట్టమునకు దూరముగ నుండవలెను. లోపలి వెడల్పు అసలుదానికంటె తగ్గరాదు. ఇంజనునకు పోవు గొట్టము కంపెనీ రబ్బరుదే వేసి, రెండు కొనలను క్లిప్పులతో బిగించెను. బ్రీదరు గొట్టమును అదే వెడల్పు గల నూనెకు తట్టుకొను రబ్బరుతో పొడిగించి, చక్రముల దుమ్ము తగులని చోటికి క్రిందికి దింపి, కొనను ఏటవాలుగా కోసెను. నడుమ ఎచటను వంపు లేదు. వంపులో నీరు, నూనె నిలిచి దారి మూయును. ట్యాంకరు నింపుటకు చెరువులో దిగునపుడు ఆ కొన నీటిలో మునుగకుండుటను కూడ చూడవలెను. ఇంజను ఆపగా చల్లబడుచు లోపలికి గాలిని పీల్చును. నీరున్నచో నీటినే పీల్చును.

సభ్యులు తామే చేయదగిన పరీక్షలు రెండున్నవి. ఇంజను ఆపి, వడపోత తరువాతి గొట్టమును విప్పి, తెల్లని గుడ్డను వ్రేలికి చుట్టి లోపల తుడువవలెను. గుడ్డకు దుమ్ము అంటినచో ఎచటనో సందున్నదన్నమాట. రెండవది, ఇంజను మెల్లగా నడచుచుండగా గాలి ప్రవేశ మార్గమును చెక్కపలకతో పూర్తిగ మూయవలెను. కొద్ది క్షణములలో ఇంజను ఆగవలెను. ఆగక నడచుచున్నచో గాలి దొంగదారిన వచ్చుచున్నట్లే.

కాగితపు ఎలిమెంటును దినదినము దులుపుట శ్రద్ధ యనుకొందురు, అది పొరపాటు. ప్రతిసారియు కాగితము కొంత దెబ్బతినును, కొంత దుమ్ము లోపలివైపు రాలును. సూచిక ఎర్రబడినపుడు, లేదా కంపెనీ పుస్తకములో చెప్పిన గంటలకు, విప్పిన చాలును. గాలి కొట్టవలసివచ్చినచో తక్కువ ఒత్తిడితో లోపలినుండి వెలుపలికి కొట్టవలెను. డీజిలుతోను, పెట్రోలుతోను కడుగరాదు. లోపలి ఎలిమెంటును శుభ్రము చేయుటే లేదు, మార్చుటే. నూనె తొట్టి రకమైనచో దుమ్ము కాలమున దినదినము చూచి, అడుగున మడ్డి పేరుకొనగనే కడిగి, గీతవరకే నూనె పోయవలెను.

వీనికి ఎలిమెంటు, గొట్టము, క్లిప్పులు కలిపినను ఖర్చు ఇంజను పనిలో స్వల్పభాగమే. ట్రాక్టరు పుస్తకములో డీజిలు లెక్క ప్రక్కన నడచిన గంటలు, వడపోత చూచిన తేదీ, చూచినవారి సంతకము వ్రాయించినచో, నెలసరి సమావేశమున అడుగుటకు ఆధారముండును. డ్రైవర్లకు శిక్షణ కావలసినచో అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థను విచారింపవచ్చును. కొత్త బండియైనచో, ఏ మార్పునకైనను ముందు గ్యారంటీ షరతులు చదువవలెను.

మేము వచ్చునప్పటికి సాయంకాలమైనది. ఇంజను ఇంకను బిగింపలేదు. వార్డు సభ్యుడు ఆ అరిగిన రింగును, చీల్చిన తోట పైపును కాగితములో చుట్టి సంచిలో పెట్టుకొనెను. అవి ఎందులకని మెకానిక్కు అడుగగా, “బిల్లుతోటి మీటింగుల పెడ్తా” అని చెప్పెను.