తల దించితే నడుము తేలుతుంది

రేపల్లె
ఆదివారం

చిరంజీవి బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

పోటీలకు పేరిచ్చావనీ, నెలలుగా ఈదుతున్నా యాభై మీటర్ల టైమింగ్ తగ్గడం లేదని దిగులుపడుతున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మీ నాన్న పంపిన వీడియో ఆపి ఆపి చూశాను. నీకు బలం ఉంది తల్లీ, దమ్మూ ఉంది. ఆ బలమంతా నీళ్లతో పెనుగులాడటానికే ఖర్చయిపోతోంది. డ్రిల్లు మేష్టారుగా ఉన్నన్నాళ్లూ కాలవ ఈత వచ్చిన పిల్లల్ని పూల్ పోటీలకు తీసుకెళ్లినవాణ్ణి. వాళ్లందరికీ మొదట ఇదే ఇబ్బంది వచ్చేది. అందుకే ఫోన్‌లో కాకుండా, నువ్వు మళ్లీ మళ్లీ చదువుకునేలా ఉత్తరం రాస్తున్నాను.

మన వైపు పిల్లలకు ఈత నేర్పేది కాలవే. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన కృష్ణ నీళ్లు దుగ్గిరాల మీదుగా తెనాలికి వచ్చి, ఊళ్లోంచే మూడు కాలవలుగా పోతాయి. కాలవల్లో తల ఎత్తే ఈదాలి. గుర్రపుడెక్క ఎటు కొట్టుకొస్తోందో, వంతెన కింద సుడి ఎక్కడుందో, రేవు మెట్లు ఎంత దూరమో కళ్లతో చూసుకోవాలి. అది ప్రాణం కాపాడే ఈత. దాన్ని ఎప్పుడూ చిన్నచూపు చూడకు. అయితే పూల్‌లో సుడీ లేదు, గుర్రపుడెక్కా లేదు. అక్కడ నీకు ఎదురు నిలిచేది నీరొక్కటే.

ఆ నీటి సంగతి కాస్త తెలుసుకో. గాలి కంటే నీరు దాదాపు 800 రెట్లు చిక్కన. నీ వేగం రెట్టింపైతే నీటి అడ్డు నాలుగింతలవుతుంది. ఆ వేగం నిలబెట్టుకోవడానికి సుమారు ఎనిమిదింతల శక్తి కావాలి. ఒక్క బలాన్నే నమ్ముకుంటే ఒళ్లు అలిసిపోతుంది కానీ గడియారం కదలదు. అడ్డు తగ్గించుకుంటే మాత్రం ఉన్న బలమే వేగంగా మారుతుంది. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచింది ఇదే: ముందు అడ్డు తగ్గించు, బలం సంగతి తరవాత.

మన ఒంట్లో గాలి ఉండేది ఊపిరితిత్తుల్లో. అందుకే ఛాతీ తేలుతుంది, కాళ్లు దిగుతాయి. తల ఎత్తిన ప్రతిసారీ నడుము ఇంకా కిందికి జారుతుంది. పెనుమూడి రేవులో పడవ వెనక భాగాన జనం ఎక్కువైతే ముక్కు పైకి లేచి, ఎంత తెడ్డేసినా బరువుగా కదులుతుంది. వీడియోలో నువ్వు అలాగే ఉన్నావు. నీ చూపు పూల్ అడుగున ఉన్న నల్ల గీత మీద ఉండాలి. మెడ వదులుగా ఉంచి తల దించితే నడుము తనంతట తానే తేలుతుంది. రోజూ ఈత మొదలుపెట్టే ముందు గోడను తన్ని, అరచేతి మీద అరచెయ్యి వేసి, రెండు చేతులూ చెవులకు ఆనించి, కదలకుండా ఎంత దూరం పోతావో చూసుకో. ఆ దూరం పెరుగుతున్న కొద్దీ నీ ఒళ్లు నీటిలో తిన్నగా ఉండటం నేర్చుకుంటోందని అర్థం.

తరవాత ఊపిరి. నువ్వు నీళ్లలో ఊపిరి బిగబట్టి, తల బయటికి రాగానే వదలడం, పీల్చడం రెండూ ఒకేసారి చేస్తున్నావు. అందుకే తల ఎక్కువసేపు పైనే ఉండిపోతోంది. ఉక్కిరిబిక్కిరిగా అనిపించేది చాలాసార్లు గాలి చాలక కాదు, లోపలి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోక. మొహం నీళ్లలో ఉన్నంతసేపూ ముక్కుతో, నోటితో బుడగలు వదులుతూనే ఉండు. ఫ్రీస్టయిల్‌లో ఊపిరి కోసం తల ఎత్తొద్దు. ఒళ్లు పక్కకు తిరిగినప్పుడు తల కూడా దాంతో తిరగాలి. ఒక గాగుల్ నీళ్లలోనే ఉండాలి.

ఇక నాలుగు స్ట్రోకులూ ఒక్కొక్కటిగా చెబుతాను.

ఫ్రీస్టయిల్‌లో నీ చెయ్యి నీళ్లను కిందికి నొక్కుతోంది. నొక్కితే ఒళ్లు పైకి లేస్తుంది కానీ ముందుకు పోదు. చెయ్యి ముందుకు చాచాక మోచేతిని పైనే ఉంచి వేళ్లను కిందికి దించు. అరచెయ్యీ ముంజెయ్యీ కలిసి నీటిని వెనక్కి నెట్టాలి, తొడ దాటే దాకా నెట్టాలి. పిడికిళ్లు బిగించి కొన్ని లెంగ్తులు ఈది, తరవాత అరచేతులు విప్పు. ముంజెయ్యి చేసే పని అప్పుడు నీకే తెలుస్తుంది. కాళ్లు మోకాలి నుంచి కాదు, తుంటి నుంచి కదలాలి. చీలమండలు వదులుగా ఉంచు.

బ్యాక్‌స్ట్రోక్‌లో తల కదలకూడదు. కుర్చీలో కూర్చున్నట్టు నడుము ముడుచుకోవద్దు, పొట్ట పైకి తేలాలి. చిటికెన వేలు ముందుగా నీళ్లలోకి దిగాలి. గోడకు 5 మీటర్ల ముందు పైన జెండాలు కట్టి ఉంటాయి. అక్కడి నుంచి గోడ దాకా నీకు ఎన్ని బారలు పడతాయో లెక్క పెట్టుకుంటే వెనక్కి తిరిగి చూడాల్సిన పనే ఉండదు.

బ్రెస్ట్‌స్ట్రోక్ మనవాళ్లకు సులువనిపిస్తుంది. కుర్రాళ్లు ఎక్కువగా తప్పేదీ అందులోనే. అందులో వేగమంతా కాళ్ల తన్నులో, ఆ తన్ను తరవాత జారడంలో ఉంది. చేతులు లాగు, ఊపిరి పీల్చు, తన్ను, జారు. ఆ చివరి మాట దగ్గర తొందరపడొద్దు. పాదాలు బయటికి తిరగాలి, రెండు కాళ్లూ ఒకేలా కదలాలి. కత్తెర తన్ను తంతే రిఫరీ డిస్‌క్వాలిఫై చేస్తాడు. గోడను రెండు చేతులతో ఒకేసారి తాకాలి. బటర్‌ఫ్లైకీ అదే నిబంధన.

బటర్‌ఫ్లైకి తొందరేం లేదు. చేతులు ఒకసారి తిరిగేలోగా కాళ్లు రెండుసార్లు కొట్టాలి. చేతులు నీళ్లలోకి దిగేటప్పుడు ఒకటి, బయటికి వచ్చేటప్పుడు ఒకటి. ఛాతీ నొక్కితే నడుము లేచే ఆ లయ వచ్చేదాకా ఒంటి చేత్తోనే సాధన చెయ్యి. అలిసిపోయి లయ తప్పాక ఈదిన బటర్‌ఫ్లై తప్పునే అలవాటు చేస్తుంది.

ఒక నెలపాటు స్టాప్‌వాచ్ పక్కన పెట్టు. ఒక లెంగ్తుకు ఎన్ని బారలు వేస్తున్నావో లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకో. అదే తీరికతో ఈదుతూ బారలు తగ్గాయంటే నువ్వు బాగుపడుతున్నట్టే. ఒక రోజుకు ఒక్క తప్పు మీదే మనసు పెట్టు. తల, చెయ్యి, కాలు, ఊపిరి అన్నీ ఒకేసారి సరిచెయ్యబోతే ఏదీ నిలవదు.

ఇంత చిన్న విషయాలతో ఏమొస్తుందని అనుకోకు. 2021 జూన్‌లో రోమ్‌లో మన దేశపు ఈతగాడు సజన్ ప్రకాశ్ 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ఈదాడు. టోక్యో ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత ఇచ్చే టైమింగ్ 1:56.48. మర్నాడు శ్రీహరి నటరాజ్ 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌ను 53.77 సెకన్లలో ముగించాడు. కావలసింది 53.85. ఒకరికి సెకనులో పదో వంతు, ఇంకొకరికి అంతకంటే తక్కువ. అంత చిన్న తేడా టర్నింగ్ దగ్గర, చివరన గోడను తాకే తీరులో తేలిగ్గా పోతుంది, తేలిగ్గా వస్తుంది.

ఆలస్యంగా మొదలుపెట్టానన్న బెంగా వద్దు. గోలి శ్యామల గారు నలభై దాటాక, నీళ్లంటే ఉన్న భయం పోగొట్టుకోవడానికి ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంక తీరం నుంచి ధనుష్కోడికి సుమారు 30 కిలోమీటర్లు 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. విజయవాడలో పోలీసుగా పనిచేస్తూనే సముద్రాలు ఈదిన మోతుకూరి తులసీ చైతన్య గారికి టెన్జింగ్ నార్గే జాతీయ సాహస పురస్కారం వచ్చింది. అన్ని గంటలు ఈదేవాళ్లు నీళ్లతో పోట్లాడి నిలబడలేరు. ఒక్కో బారకూ ఎంత తక్కువ ఖర్చు పెట్టాలో వాళ్లకు తెలుసు.

ఇంకొక్క మాట, తాతయ్యగా గట్టిగా చెబుతున్నాను. పూల్‌లో వేగం వచ్చిందని బాపట్ల వెళ్లినప్పుడు సూర్యలంకలో లోపలికి పోవద్దు. నీటి ప్రవాహం లోపలికి లాగుతుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఆ లాగుడు తగ్గేదాకా ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. గబగబా ఊపిరి పీల్చుకుని నీళ్లలో ఎంతసేపు ఉండగలమోనని స్నేహితులతో పందేలు కట్టొద్దు. అలాంటప్పుడు స్పృహ తప్పేది చెప్పి రాదు. మునిగేవాళ్లను చూస్తే దూకకు. తాడో, చీరో, కర్రో అందించు, పెద్దవాళ్లను కేకెయ్యి.

ఈ పోటీలో పతకం వస్తే సంతోషమే. రాకపోయినా నాకు లోటు లేదు. గోడ నుంచి గోడ దాకా నీ తల దించి ఉందా, బుడగలు వదిలావా, చివరి బార పూర్తిగా చాచి గోడను తాకావా? ఈ మూడింటికీ అవునని చెప్పగలిగితే నువ్వు నెగ్గినట్టే లెక్క. నోటుబుక్కులో మొదటి వారం బారల లెక్కలు ఫోటో తీసి పంపు. తరవాత ఏం సరిదిద్దాలో వాటిని చూసి రాస్తాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య